నాలుగు ఆంపియర్ల ఇల్లు

మోసుల్, జూన్ 4

ద్నూన్ అన్నకు,

నువ్వు కులాసాగా ఉన్నావని ఎవరో ఒకరు వచ్చి చెప్పేదాకా అమ్మ మనసు కుదురుగా ఉండదు. ఇవాళ నీళ్ళ ట్యాంకరు నడిపే అబూ రమ్జీ వచ్చి చెప్పాడు. సరిహద్దు శిబిరంలో మీ ఫోన్లన్నీ కమాండరు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశాడట. ఇక ఏం చెప్పుకోవాలన్నా కాగితం మీదే. ఉత్తరాలు తానే అటూ ఇటూ చేరవేస్తానన్నాడు. అమ్మ అతని చేతికి నీకోసం ఊరగాయ డబ్బా ఇచ్చింది. సగం దారిలో అతనే తినేస్తాడని నానమ్మ అనుమానం. చేరిందో లేదో రాయి.

అసలు సంగతికి వస్తాను. మజ్మూఆ బజారులో ఆడపిల్లలకు వేరే వేళలు పెట్టిన గేమింగ్ హాలు మూసేశారు. మా "రెండు వసంతాలు" జట్టులో మిగతా నలుగురికీ ఇంట్లో సొంత కంప్యూటర్లున్నాయి. నాకే లేదు. ఆన్‌లైన్ పోటీలో మా మొదటి ఆట ఆగస్టు 1, సాయంత్రం ఐదింటికి. మూడు ఆటల్లో రెండు గెలిస్తే బాగ్దాదులో జరిగే ఫైనల్‌కు వెళ్తాం. ఆ రోజుకు నా దగ్గర గట్టి కంప్యూటరు లేకపోతే నా స్థానంలో వేరే అమ్మాయిని తీసుకుంటామని మా కెప్టెన్ రంద్ చెప్పింది. "నీ ఒక్కదాని కోసం నలుగురిని ఆపలేను హదీల్" అంది. తప్పు పట్టడానికి ఏముంది?

తయారుగా ఉన్నది కొనే తాహతు లేదు. విడి భాగాలు కొని నేనే బిగించుకుంటే నా ట్యూషన్ల డబ్బు సరిపోతుంది. నిన్న నాన్న పిండి మిల్లు నుంచి వచ్చి, కనుబొమలు కూడా దులుపుకోకముందే చెప్పేశాను. వైవాకు చదువుకున్నట్టు చదువుకుని వెళ్ళాను. ఆయన మొత్తం విని ఒకే ప్రశ్న వేశాడు, అది కరెంటు ఎంత తాగుతుందని. మూడేళ్ళుగా విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను, ఈ ఇంట్లో బడి పూర్తి చేసింది నేనొక్కదాన్నే, కాని ఆ చిన్న లెక్క వేసుకోకుండానే వెళ్ళాను.

సర్కారు కరెంటు ఈ ఏడు రోజుకు నాలుగు గంటలు కూడా రావడం లేదు. మిగతా పొద్దంతా అబూ షాకిర్ అమ్మే జనరేటరు కరెంటే. మన వాటా నాలుగు ఆంపియర్లు. వీధి చివర బోర్డు మీద మన పేరుతో ఉన్న జోజాకు అంతకంటే బరువు పడితే టక్కున పడిపోతుంది. ఆ మీటకు అక్రోటు కాయ పేరు పెట్టినవాడెవడో గాని, ఈ అక్రోటు రాలితే ఇల్లంతా చచ్చిపోతుందని నానమ్మ విసుక్కుంటుంది. ఆమెకు ఈ వేసవి ఊపిరి బాగా తగ్గింది. వేడిలో ఉంచితే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె గదిలో కూలరు ఆగకుండా తిరుగుతోంది.

నాన్న చివరికి అన్న మాట ఇది: "పెట్టుకో. కాని మా అమ్మ గదిలో కూలరు నీ పెట్టె మూలంగా ఒక్కసారి ఆగిందంటే, పెట్టె అంగడికి పోతుంది. ఇంకో మాట ఉండదు."

ఆరేళ్ళు రిపేరు అంగట్లో పని చేసినవాడివి. ఏ భాగం తీసుకోవాలో, ఏది వద్దో రాసి పంపు. నేను చదివినవన్నీ ఒకదానికొకటి పొసగడం లేదు.

నీ చెల్లెలు
హదీల్

*

శిబిరం, జూన్ 13

హదీలూ,

డబ్బా చేరింది. సగమే చేరింది. నానమ్మ చెయ్యి ముద్దు పెట్టుకుని ఆమె అనుమానం నిజమేనని చెప్పు.

ఇక్కడ ఎండకు తుపాకీ గొట్టం ముట్టుకోలేం. నా పక్క మంచం బస్రావాడు గురక పెడితే డేరా గుడ్డ ఊగుతుంది. ఇంతకంటే చెప్పుకోదగ్గ విశేషాలు లేవు గనుక నీ కంప్యూటరు గురించే రెండు రోజులు ఆలోచించాను. శ్రద్ధగా విను.

ప్రాసెసరుకు ఆరు కోర్లు చాలు. అంగడివాడు ఎనిమిది కోర్లది చూపించి ఊరిస్తాడు, నీ ఆటకు దానితో పని లేదు. మెమరీ పెద్ద కర్ర ఒకటి వద్దు, చిన్నవి రెండు తీసుకో, రెండూ ఒకే జతవి అయి ఉండాలి. పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. అది పేలితే దానితో పాటు అన్నీ పోతాయి, నా చేతుల్లోనే మూడు పేలాయి. డబ్బాకు ముందువైపు గాజు ఉంటే అందంగా ఉంటుంది, మన ఊరి దుమ్ముకు, వేడికి పనికిరాదు. జల్లెడలాంటిది తీసుకో.

ఇక గ్రాఫిక్స్ కార్డు. నీ ఆట బతుకంతా దాని మీదే. మిజ్యద్ దగ్గర ఒక పెద్ద కార్డుంది, వాడినదే గాని నేను ఇక్కడికి వచ్చేముందు విప్పి తుడిచి పెట్టిందే. మిజ్యద్ నా దగ్గర పని నేర్చుకున్నవాడు. నా మాట చెప్పు, నీకోసం తీసి ఉంచుతాడు. కొత్త కార్డులు చూసి మోసపోకు. ఆ డబ్బుకు వచ్చే కొత్తది బొమ్మలాంటిది.

అన్నిటికంటే ముందు జోజా మార్చు. ఆరుది పెట్టు. నాలుగు మీద ఈ కార్డు లేవదు.

బిగించేటప్పుడు చేతులు వణికితే కాసేపు ఆగి టీ తాగు. నాకూ మొదటిసారి వణికాయి, ఎవరికీ చెప్పలేదు.

నీ అన్న
ద్నూన్

*

మోసుల్, జూన్ 20

ద్నూన్ అన్నకు,

నీ ఉత్తరం గురువారం అందింది. టీ వేళ అందరినీ కూర్చోబెట్టి ఎప్పటిలాగే నేనే చదివాను. గురక సంగతికి అమ్మ నవ్వింది. జోజా మార్చు అన్న వరుస వచ్చింది. దాన్ని దాటేసి టీ తాగమన్న మాటకు వెళ్ళిపోయాను.

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "ఒక వరుస మింగేశావు" అన్నాడు. లేదన్నాను. "నాకు అక్షరాలు రావు తల్లీ. నీ కళ్ళు వచ్చు. అది చదువు."

చదివాను. ఆయన లేచి మిద్దె మీదికి వెళ్ళిపోయాడు. తెల్లవారి మిల్లుకు వెళ్ళేముందు నన్ను పిలిచి, ఇకమీదట వచ్చే ఏ కాగితంలోనూ ఒక్క మాట కూడా మింగనని నానమ్మ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

అన్నా, నువ్వు ఆ మాట ఎలా రాయగలిగావు? నీకు పద్దెనిమిదేళ్ళప్పుడు అబూ షాకిర్ నమాజుకు వెళ్ళిన వేళ చూసి, బోర్డు మీద మన నాలుగు ఆంపియర్ల జోజా పీకి ఆరుది పెట్టి వచ్చావు. అతను దాన్ని అరచేతిలో పట్టుకుని, వీధిలో మగవాళ్ళందరి ముందు "హాజీ, ఇది మీ ఇంటిదేనా?" అని నాన్నను అడిగాడు. ఆ రోజు నుంచి నాన్న ఆ జనరేటరు ముందు నుంచి నడవడు, మిల్లుకు చుట్టు తిరిగి వెళ్తాడు. మళ్ళీ నన్ను దొంగ ఆంపియర్లు తాగమంటావా? కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు గాని ఆ పని చెయ్యను.

అందుకని కార్డు నుంచి కాకుండా ఆంపియర్ల నుంచి మొదలుపెట్టాను. కాలేజీ ల్యాబులో కరెంటు కొలిచే పట్టుకారు అడిగి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం జనరేటరు వోల్టేజి నూట ఎనభై దాటడం లేదు. ఫ్రిజ్ ఒక ఆంపియరు, కూలరు ఒకటిన్నర, ఫ్యాన్లూ లైట్లూ అర. నీ పెద్ద కార్డు పెడితే కంప్యూటరు ఒక్కటే రెండున్నర తాగుతుంది. చిన్న కార్డయితే స్క్రీనుతో కలిపి ఒకటికి కాస్త ఎక్కువ. ఆట ఆడే రెండు గంటలు ఫ్రిజ్ ప్లగ్గు తీసేయడానికి అమ్మ ఒప్పుకుంది. అప్పుడు మొత్తం మూడు చిల్లర అవుతుంది. కూలరుకు ఢోకా లేదు.

మిజ్యద్ దగ్గర తెచ్చిన కార్డు తిరిగి ఇచ్చేసి, కొత్తది చిన్నది తీసుకున్నాను. అతను నవ్వీ నవ్వనట్టు చూసి, చదువుకున్నవాళ్ళకు సరుకిస్తే ఇంతేనన్నాడు.

పవర్ సప్లై అట్టపెట్టె మీద 650 అని చూసి నాన్న ఇంటిని ముంచేస్తావా అన్నాడు. అంకెలు ఆయనకు వచ్చు కదా. అది ఇవ్వగలిగినంత, తినేది కాదని, మీ మిల్లు కాటా వంద కిలోలు తూచగలదు గాని దాని మీద పెట్టిన ప్రతి సంచీ వంద ఉండదు కదా అని చెప్పాను. ఆ మాట ఆయనకు ఎక్కింది.

హదీల్

*

శిబిరం, జూన్ 29

హదీల్,

నేను దొంగనా?

జోజా మార్చు అంటే అబూ షాకిర్‌ను అడిగి మార్పించుకోమని. వీధిలో ప్రతివాళ్ళూ అనే మాటే. పక్కింటి ఉమ్ము నిజార్ పోయినేడు జోజా మార్చామంటే దొంగతనం చేసిందనుకున్నావా? ఆమె నోట వస్తే వాటా పెంచుకున్నట్టు, నా కలం నుంచి వస్తే దొంగతనం. ఆరేళ్ళయింది. జీతంలో సగం ఇంటికి పంపుతున్నాను, ఎండలో కంచె కాపలా కాస్తున్నాను. మీ లెక్కలో నేనింకా ఆ బోర్డు దగ్గరే ఉన్నాను.

సెలవు నుంచి తిరిగొచ్చినవాడు చెప్పాడు, నువ్వు మిజ్యద్ ముందు కార్డు పెట్టి నా అన్న ఎంచింది నాకొద్దని అన్నావట. అన్నావో లేదో నాకు తెలియదు. వాడు పదిమందికి చెప్పుకున్నాడు.

సరే, నీ చదువు నీది. ఆ చిన్న కార్డుతోనే చూడు. జూలై దాటితే జనరేటరు కరెంటు ఇంకా పల్చబడుతుంది. నానమ్మ కూలరూ, నీ పెట్టే ఒకే తీగ మీద బతకవు. రెండింటిలో ఒకటి ఆగాల్సిందే. ఆరేళ్ళు ఇదే పని చేసిన చేతులతో రాస్తున్నాను. ఈ వరుస కూడా మింగకుండా చదువు, అందరూ వినాలి.

ద్నూన్

*

మోసుల్, జూలై 12

అన్నా,

చదివాను. చివరి మాట దాకా చదివాను.

నేను మిజ్యద్ దగ్గర నీ పేరే ఎత్తలేదు. కార్డు ఆంపియర్లు ఎక్కువ తింటోందని మాత్రం చెప్పాను. నమ్మితే నమ్ము. జోజా విషయంలో నిన్ను అపార్థం చేసుకున్నాను, అది నా తప్పే. కాని నాన్న కూడా అలాగే అపార్థం చేసుకున్నాడు. నువ్వు చెప్పిన అర్థం చదివి వినిపించినప్పుడు ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు, ఉన్న నాలుగూ చాలన్నాడు.

నానమ్మ ఒక వాక్యం మళ్ళీ చదవమంది. రెండింటిలో ఒకటి ఆగాల్సిందే అన్నది. మళ్ళీ చదివాను. ఎందుకు ఆగాలని అడిగింది. ఆగక్కర్లేదని, అన్న కోపంలో రాశాడని చెప్పి, పళ్ళెంలో నాలుగు శనగలు పెట్టి, ఇది కూలరుది, ఇది నాది అని చూపించాను. తల ఊపింది. తర్వాత ఉమ్ము నిజార్ కూతురి పెళ్ళి మాటల్లోకి వెళ్ళిపోయింది.

మొన్న శనివారం బిగించాను. నేల మీద భోజనాల గుడ్డ పరిచి కూర్చున్నాను. స్క్రూలు దొర్లిపోకుండా అమ్మ టీ సాసరు తెచ్చి పెట్టింది. ఒంటి మీది విద్యుత్తు పోవడానికి ప్రతి భాగం ముట్టుకునే ముందు కిటికీ ఊచ పట్టుకున్నాను. ప్రాసెసరు మూల మీది చిన్న త్రికోణం బోర్డు మీది త్రికోణంతో కలిసేలా పెట్టాలి. అది దించేటప్పుడు నువ్వన్నట్టే చేతులు వణికాయి. మెమరీ కర్రలు నొక్కితే ఎముక విరిగినట్టు చప్పుడైంది, అమ్మ కళ్ళు మూసుకుంది.

స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గాని స్క్రీను మీద ఏమీ రాలేదు. రెండు గంటలు అన్నీ పీకి పెట్టాను. చివరికి చూస్తే స్క్రీను తీగ కార్డుకు కాకుండా బోర్డుకు గుచ్చాను. నవ్వకు.

కొలిచాను. ఫ్రిజ్ ఆపి, అన్నీ నడుస్తుంటే మూడు పాయింట్ ఒకటి. జోజా ఇంతవరకు పడలేదు. ఆడుతున్నంతసేపూ ఎడమ చెవి మీది హెడ్‌ఫోను పక్కకు జరిపి పెట్టుకుంటున్నాను, కూలరు చప్పుడు వినడానికి. అది లేకుండా ఆడటం నాకిప్పుడు చేతకాదు. ఇంకా ఇరవై రోజులున్నాయి.

హదీల్

*

శిబిరం, జూలై 24

చెల్లీ,

స్క్రీను తీగ బోర్డుకు గుచ్చావా? నేనూ అదే చేశాను, పైగా యజమాని ముందు. నవ్వలేదు.

ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. దుమ్ము తుఫాను ఐదు రోజులుగా ఆగడం లేదు, ట్యాంకరు రాలేదు, నీళ్ళు కొలిచి ఇస్తున్నారు.

మూడు పాయింట్ ఒకటి అంటే నువ్వు గెలిచావు. ఆ భాగాలన్నీ ముందుపెట్టినా నాలుగులో ఇమిడేలా నేను ఎంచి ఉండేవాణ్ణి కాదు. నాకు కార్డు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఒక పని చెయ్యి. ఈ వరుస నానమ్మకు గట్టిగా, రెండుసార్లు చదివి వినిపించు. నానమ్మా, రెండింటిలో ఒకటి ఆగాలన్నది ఉక్రోషంతో రాసిన మాట, లెక్క చూసి రాసింది కాదు. హదీల్ లెక్కే సరైనది. నీ కూలరు నీదే, దాని జోలికి వెళ్ళకు. ఆమె సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు మనకు రొట్టె చాలదని ఎవరైనా అంటే, తన కడుపులో నొప్పిగా ఉందని తినకుండా లేచిపోయేది. నువ్వు రాసిన శనగల సంగతి చదివినప్పటి నుంచి నాకు మనసు బాగాలేదు.

ద్నూన్

*

మోసుల్, ఆగస్టు 3

అన్నా,

నీ జూలై 24 ఉత్తరం ఇవాళ చేరింది. రెండు రోజులు ఆలస్యమైంది.

మొన్న మంగళవారం ఎండ నలభై ఏడు. ఐదింటికి ఆట మొదలైంది. అమ్మ ఫ్రిజ్ ప్లగ్గు తీసి, తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నాన్న మిల్లులో ఉన్నాడు. మాకు పదకొండు పాయింట్లు, వాళ్ళకు తొమ్మిది. ఇంకో రెండు వస్తే ఆట మాది. అప్పుడు నా ఎడమ చెవికి ఏమీ వినిపించడం లేదని తెలిసింది. ఎప్పటి నుంచి వినిపించడం లేదో తెలియదు. జోజా పడలేదు, స్క్రీను వెలుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. కూలరు పంపు చెడిందేమో అనుకున్నాను. లేస్తున్నానని చెబితే రంద్ హెడ్‌ఫోనులో "కదలకు హదీల్, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూనే ఉంది.

లేచాను.

నానమ్మ గది తలుపు మూసి ఉంది. లోపల కిటికీ కూడా మూసి ఉంది. మంచం అంచున కూర్చుని, కూలరు తీగ ప్లగ్గు ఒళ్ళో పెట్టుకుని ఉంది. తలగుడ్డ తడిసి నుదుటికి అంటుకుపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి "అయిపోయిందా?" అంది.

ఆమె ఒళ్ళోంచి ప్లగ్గు తీసి గోడకు పెట్టాను.

"ద్నూన్ చెప్పాడుగా ఒకటి ఆగాలని" అంది. "నీది ఆగకూడదు. నేను చాలా వేసవులు చూశాను." ఆ మాట అనడానికి నాలుగుసార్లు ఊపిరి తీసుకుంది.

అమ్మా నేనూ తడిగుడ్డలు వేశాం. ఉమ్ము నిజార్ భర్త కారు తీశాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు మాట్లాడుతోంది, తిండి బాగాలేదని నర్సులతో పోట్లాడుతోంది, భయం లేదన్నారు. నీ ఉత్తరంలోని ఆ వరుస అక్కడే మంచం పక్కన నిలబడి రెండుసార్లు చదివాను. విని, వాడు ముందే ఆ మాట రాయాల్సింది అంది.

నాన్నకు నేనే మొత్తం చెప్పాను. జోజా పడలేదని చెప్పాను, కొలత చెప్పాను. ఆయన "కూలరు ఆగిందా, లేదా?" అన్నాడు. ఆగిందన్నాను. "నీ పెట్టె మూలంగానే కదా?" అవునన్నాను. అన్నా, కాదని ఎలా అంటాను?

అంగడివాడు సరుకు కోసం అర్బీల్ వెళ్ళాడు, పంతొమ్మిదిన వస్తాడట. భాగాలు విడివిడిగా వాటి డబ్బాల్లో ఉంటేనే తీసుకుంటాడు. నువ్వే బిగించావు, నువ్వే విప్పు అన్నాడు నాన్న. నిన్న విప్పాను. అన్నీ గుమ్మం పక్కన దొంతరగా ఉన్నాయి. బయటికి వెళ్ళినప్పుడల్లా వాటిని దాటుకుని వెళ్తున్నాను.

ఆ ఆట ఓడిపోయాం. రెండోది ఇరవయ్యో తేదీన. నా చోటు పంతొమ్మిది దాకా ఉంచుతానని రంద్ చెప్పింది. ఆమె నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

నీ మీద కోపం లేదు. ఆ వాక్యం రెండోసారి చదివింది నేను. నానమ్మ ముఖం చూడకుండా చదివాను.

హదీల్

*

శిబిరం, ఆగస్టు 10

చెల్లీ,

నీకు రాయడానికి ముఖం లేదు. ఈ కింది ముక్క నాన్నకు. ఆయన ముందు కూర్చుని, నిలకడగా చదువు.

నాన్నా, కూలరు ఆపింది నేను. నానమ్మ చెయ్యి, నా మాట. శిక్ష వేయాలంటే చిరునామా ఇదీ.

ఇంకొకటి ఆరేళ్ళుగా చెప్పలేదు. అబూ షాకిర్ నిన్ను బోర్డు దగ్గరికి పిలిపించిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మిద్దె మీద నీళ్ళ తొట్టి వెనక దాక్కుని అంతా విన్నాను. నీ కొడుకు చేసినదానికి నువ్వు తల వంచి నిలబడ్డావు, నేను దిగి రాలేదు. అప్పటి నుంచి మన ఇంట్లో ఆంపియరు అన్న మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మకు ఉక్కపోస్తే అట్టముక్కతో విసురుకుంది. నానమ్మ తన కూలరే పీకేసుకుంది. ఇంకో ఆంపియరు అడుగుదామని ఒక్కరికీ తోచలేదు, ఎందుకంటే అడగడమంటే ఆ బోర్డు దగ్గరికి వెళ్ళడం.

హదీల్ దొంగిలించలేదు, అడగనూ లేదు. నీ నాలుగులోనే ఒదిగింది. అయినా నష్టం దానికే వచ్చింది. అడగడం దొంగతనం కాదు నాన్నా. దొంగతనం నేను చేశాను గనుక ఆ తేడా నాకు తెలుసు.

ద్నూన్

*

మోసుల్, ఆగస్టు 19

ద్నూన్ అన్నకు,

నీ ఉత్తరం మొన్న వచ్చింది. నాన్న ముందు కూర్చుని చదివాను. నీళ్ళ తొట్టి మాట దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపమన్నాడు. కాసేపటికి మళ్ళీ చదవమన్నాడు. అయిపోయాక కాగితం అడిగి తీసుకుని, చదవడం రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

నిన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి నన్ను అబాయా వేసుకు రమ్మన్నాడు. ఎక్కడికని అడగలేదు. చుట్టు దారి పట్టకుండా వీధి వెంబడి తిన్నగా నడిచాడు. అబూ షాకిర్ జనరేటరు ముందు ఎప్పటిలాగే డ్రమ్ముల మీద ఐదారుగురు కూర్చుని టీ తాగుతున్నారు. మమ్మల్ని చూసి మాటలాపేశారు. నాన్న సలాం చేసి, ఇంకో తీగ కావాలి, రెండు ఆంపియర్లు అన్నాడు.

అబూ షాకిర్ లేచి నిలబడ్డాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఉన్న నాలుగునే ఆరు చేస్తే సరిపోతుంది కదా హాజీ, ఇంకో తీగ లాగడం దేనికి అన్నాడు.

"ఇంటిది ఇంటికే. ఇది మా అమ్మాయి పెట్టెకు. పడితే దీనిదే పడాలి, మా అమ్మది కాదు."

సరేనని అబూ షాకిర్ బోర్డు మీద ఖాళీ చోటు వెతికాడు. ఆ బోర్డు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశావా? చూసే ఉంటావులే. నూటముప్పై పేర్లున్నాయి, అన్నీ మగవాళ్ళవే. మొగుడు పోయిన ఆడవాళ్ళ ఇళ్ళకు కూడా కొడుకు పేరే రాసి ఉంది. రెండోది కూడా మీ పేరు మీదే రాయనా అని అడిగాడు. పెట్టె బిగించింది తాను కాదన్నాడు నాన్న. అయితే ద్నూన్ పేరు రాస్తానన్నాడు అతను.

"వాడి పేరు ఈ బోర్డు దగ్గర ఒకసారి విన్నాను. చాలు" అన్నాడు నాన్న.

డ్రమ్ము మీది ముసలాయన ఒకడు టీ గొంతుకు అడ్డం పడి దగ్గాడు. తర్వాత అందరూ నవ్వారు. అబూ షాకిర్ కూడా నవ్వాడు. ఆరేళ్ళ తర్వాత నాన్న ఆ డ్రమ్ముల మధ్య కూర్చుని టీ తాగాడు అన్నా, పూర్తి గ్లాసు తాగాడు. నువ్వు చూడాల్సింది. ఆయన నా వైపు చూపిస్తే, నేను పెన్ను తీసుకుని బోర్డు మీద నా పేరు రాశాను. నా చేతిరాత అంత వంకరగా ఎప్పుడూ లేదు.

ఇంటికి వచ్చి, దొంతర విప్పి, మళ్ళీ బిగించాను. ఈసారి గంటన్నరే పట్టింది. నానమ్మ వచ్చి పక్కన కూర్చుని స్క్రూల సాసరు పట్టుకుంది. ఆమె గదిలో కూలరు తిరుగుతూనే ఉంది. అందులో ఎవరూ లేకపోయినా ఆపడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఇవాళ పొద్దున అబూ షాకిర్ దగ్గర తీగలు లాగే మనిషి వచ్చాడు. భుజాన తీగ చుట్ట, చేతిలో చీటీ. మన ఇల్లేదో తెలియక వీధి మధ్య నిలబడి, చీటీ చూసుకుంటూ "హదీల్ యూనిస్ ఇల్లెక్కడ?" అని గొంతెత్తి అడిగాడు. అమ్మ చేతిలో పళ్ళెం వదిలేసింది. మన వీధిలో ఆడపిల్ల పేరు అలా ఎవరైనా పిలవడం ఎప్పుడైనా విన్నావా? ఎదురింటి కిటికీ తెరుచుకుంది, ఉమ్ము నిజార్ గుమ్మంలోకి వచ్చింది. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. నాన్న ఏమంటాడో అని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

నాన్న వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచాడు. ఇదే ఇల్లు, ఆగు పిలుస్తాను అన్నాడు. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను, ఆయనకు తెలుసు. అయినా వీధి చివరి దాకా వినపడేటట్టు నా పేరు పెట్టి పిలిచాడు.

రేపు ఐదింటికి ఆట.

నీ చెల్లెలు
హదీల్